మూసేటప్పుడు అడిగేది

సోమవారం

బావ ఒప్పుకున్నాడు. చివరి రంగం మారుస్తాడట.

మంచం మీద, కాలికి కట్టుతో, గోడవైపు తిరిగి చెప్పాడు. "రాసుకోరా. మళ్ళీ చెప్పమంటే చెప్పను."

నాటకం బావదే. పాతది. తన మాట కాదని పెళ్ళి చేసుకున్న కూతురూ ఆమె మొగుడూ వానలో తడుస్తూ గుమ్మం ముందు నిలబడతారు. తండ్రి "ఈ తలుపు మీకు గోడ" అని మూసేస్తాడు. తెర. ఆ మాటకు చప్పట్లు పడని ఆట నేను చూడలేదు.

ఇప్పుడు మార్చాడు. తండ్రి చాలాసేపు ఏమీ అనడు. తరవాత అంటాడు: "తడిసిపోతారు. లోపలికి రండి."

అంతే. నేను తలెత్తి చూశాను.

"నన్నేం చూస్తావ్? కాగితం చూసి రాయి."

ఎవరికోసం మార్చాడని అడగలేదు. బావ కూతురు చిట్టి పెళ్ళయిన దగ్గర్నుంచి అల్లుడు ఈ గుమ్మం తొక్కలేదు. తొక్కనివ్వలేదు. ఇప్పుడు ఈ నాటకానికి డైరెక్టరు ఆ అల్లుడే. చిట్టి ఇద్దరి మధ్యా తిరిగి ఇంతవరకు తెచ్చింది. ఒప్పందం ఇది: బావ మాటలు పంపిస్తాడు, మనిషితో మాట్లాడడు. అల్లుడు ఆ మాటలే ఆడిస్తాడు, ఆ తరవాత ఇంటికొస్తాడు.

అక్క వంటింట్లోంచి అంది, "ఆ ముసలాయన మారాడంటే నమ్మను. రాసింది చదువు, వింటాను."

చదివాను. అక్క చాలాసేపు గిన్నె తోముతూనే ఉంది.

మంగళవారం

హాలుకి వెళ్ళాను. కాగితాలు వద్దని అల్లుడి కట్టడి. పోయినసారి ఇద్దరు నటుల దగ్గర రెండు రకాల కాగితాలుండి, ఒకడు స్టేజీ మీద చచ్చిపోయాక కూడా రెండోవాడు వాడితో మాట్లాడుతూనే ఉన్నాడు. అప్పట్నుంచి ఏదైనా ఫైల్లో ఉంటేనే. ఆ ఫైలు మేడమీద ఆఫీసు కంప్యూటర్లో ఉంటుంది. నా మోకాళ్ళకు ఆ మెట్లు పడవు. కింద మేకప్ గదిలో ఒక పాత కంప్యూటరు ఉంది.

ఆఫీసమ్మ వచ్చి నేర్పింది. ఫైళ్ళ కిటికీ తెరవాలి. ఎడమపక్క పై కంప్యూటరు పేరు ఉంటుంది. నొక్కితే దాని లోపలివన్నీ కనిపిస్తాయి. నాటకం మీద రెండుసార్లు టకటకమనిపించాలి.

"మీరు కింద కూర్చున్నా పైనున్న ఫైలే తెరుచుకుంటుంది తాతగారూ. మెట్లెక్కే బాధ లేదు."

అక్షరాలు వెతుక్కుంటూ కొట్టాను. "గోడ" తీసేశాను. "తడిసిపోతారు" పెట్టాను. సేవ్ చేశాను. అయిందని చూపించింది.

మూసేటప్పుడు చిన్న పెట్టె ఒకటి వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగింది. వద్దని నొక్కాను. ఔను, వద్దు, ఆ రెండు మాటలూ పోల్చుకోగలను, అంతకుమించి నాకు ఇంగ్లీషు లేదు.

ఇది అక్క ఆజ్ఞ. ఒకసారి ఫోను ఏదో అడిగితే పాపం అడుగుతోంది కదా అని ఔనన్నాను. మర్నాటికి ఫోను నిండా జుట్టు మొలిచే మందుల బొమ్మలు. నాకున్న జుట్టుకి! అక్క నవ్వి నవ్వి, "ఒరేయ్, ఏ పెట్టె వచ్చి ఏమడిగినా వద్దను. నీకు ఎవర్నీ వద్దనడం చేతకాదు. మెషీను దగ్గరైనా నేర్చుకో" అంది.

నిజమే. మనిషి మొహం చూసి వద్దనలేను. దీనికి మొహం లేదు.

బుధవారం

ఫైలు తెరిచి చూశాను. "ఈ తలుపు మీకు గోడ."

నిన్న కొట్టింది లేదు. సేవ్ చేయడం మరిచానేమో. మళ్ళీ కొట్టి సేవ్ చేశాను. రెండుసార్లు చేశాను. మూసేటప్పుడు అడిగింది. వద్దన్నాను.

సాయంత్రం రిహార్సల్. నేను అలవాటుగా తెర పక్కన నిలబడ్డాను. మరిచిపోయినవాడికి మాట అందించడమే ఇన్నేళ్ళూ నా పని. నటులు నన్ను గుసగుసగారంటారు. అల్లుడు వచ్చి మెల్లగా, "మావయ్యగారూ, కూర్చోండి. వీళ్ళకు అందించకండి. మరిచిపోతే మరిచిపోనివ్వండి, నేర్చుకుంటారు" అన్నాడు.

కూర్చున్నాను. అది మనసులో పెట్టుకోలేదు.

గురువారం

మళ్ళీ గోడ.

ఒకసారి మరిచిపోతాను. రెండుసార్లు మరిచే మనిషిని కాను. ఎవరో చెరిపి పాతది పెడుతున్నారు.

కుర్చీ కిందికి దిగి ఉంది. బల్లమీద టీ కప్పు, అడుగున చక్కెర. నేను చక్కెర వేసుకోను.

రిహార్సల్లో తండ్రి వేషం వేసే దర్జీ పాత మాటే అన్నాడు. గొంతు చించుకుని మరీ అన్నాడు. అల్లుడు ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. ఆ మాట పడగానే లేచి నీళ్ళు తాగొచ్చాడు. నా దగ్గరకొచ్చి అడిగాడు.

"మావయ్యగారూ, ఆయన ఇంకా ఏమీ మార్చలేదా?"

"ఊఁ."

మార్చాడనే నా ఉద్దేశం. అతనికెలా వినబడిందో. "సరే. చూద్దాం" అని వెళ్ళిపోయాడు.

జేబులో కాగితం ఉంది. తీసి చూపించి ఉండొచ్చు. కాగితాలు వద్దన్న మనిషికి కాగితమెలా చూపిస్తాను? అతను అడగనూ లేదు.

అయినా ఏమీ తెలియనట్టు ఎంత బాగా అడిగాడు! నటుడు కావలసినవాడు.

మళ్ళీ కొట్టాను. వద్దన్నాను. ఇంటికొచ్చాను.

శుక్రవారం

మళ్ళీ గోడే. మళ్ళీ కొట్టాను.

ఈసారి ఊరికే రాలేదు. మేకప్ గదిలో మొహానికి రాసే పౌడరు ఉంటుంది. కొంచెం తీసి మీటల మీద ఊదాను. పల్చగా, చూస్తే తెలియనంత. ఎవరు ముట్టుకున్నా వేళ్ళ గుర్తులు పడతాయి.

వచ్చేటప్పుడు గుమ్మంలో అల్లుడు ఎదురయ్యాడు. "మావయ్యగారూ, మొహానికి పౌడరు రాసుకున్నారేమిటి, వేషం వేస్తారా?" అని నవ్వాడు. ముక్కు తుడుచుకున్నాను.

ఎందుకు నవ్వాడు? ఏం చూశాడు?

శనివారం

పౌడరు చెక్కు చెదరలేదు. కుర్చీ కూడా నేను వదిలినట్టే ఉంది. ఫైల్లో మాత్రం గోడ.

ముట్టుకోకుండా ఎలా చెరుపుతారు? కాసేపు కూర్చుని ఆలోచించాను. తట్టింది. పైనుంచి. ఫైలు ఉండేది పైన. ఆ గది తాళాలు రెండే. ఒకటి ఆఫీసమ్మ దగ్గర, ఒకటి డైరెక్టరు దగ్గర.

ఆఫీసమ్మకు నాటకంతో పనేముంది?

నాకు అతని మీద కోపమేమీ లేదు. ఉన్నది ఉన్నట్టు చూస్తున్నాను.

బావతో చెప్పాలా వద్దా అని దారంతా అనుకున్నాను. చెప్పకూడదనుకునే గుమ్మం ఎక్కాను. బావ అడిగాడు.

"చదివాడా? ఏమన్నాడు?"

నేను కిటికీ చూశాను.

"నిన్నేరా. ఏమన్నాడు?"

"పాతదే ఆడిస్తున్నాడు బావా. నేను రోజూ కొడుతున్నాను. రోజూ తెల్లారేసరికి పోతోంది."

"పోవడమేమిటి? ఎవరు తీస్తున్నారు?"

నేను పేరు చెప్పలేదు. తాళాల సంగతి మాత్రం చెప్పాను.

"అందరిచేతా చప్పట్లు కొట్టించుకుంటాడన్నమాట, నా నోటితో నన్నే తిట్టించి. ముసలాడు ఎంత రాయో చూడండి అని. బాగుంది" అన్నాడు బావ.

అక్క గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "నువ్వు కళ్ళారా చూశావట్రా?"

"చూడాలా ఏమిటి" అన్నాడు బావ.

ఆదివారం

చిట్టి ఫోన్ చేసింది. అక్క ఎత్తింది. బావ మాట్లాడనన్నాడు.

సోమవారం

చిట్టి నా గదికే వచ్చింది. కుర్చీ చూపించాను, కూర్చోలేదు.

"మావయ్యా, నాన్న కబురు పెట్టాడు. ఈ నాటకం ఆడడానికి వీల్లేదట. ఆయన పేరు కొట్టేయమన్నాడట. మా ఆయనేమో, 'మారుస్తానని ఆశపెట్టి వారం రోజులు అదే మాట పంపించి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి వినిపించాడు మీ నాన్న, ఇంక ఆ ఇంటి ఛాయలకు రాను' అంటున్నారు. నువ్వు మార్చావంటున్నాడు నాన్న. మార్చలేదంటున్నారు ఈయన. ఇద్దరికీ మధ్య ఉన్నది నువ్వొక్కడివి. నువ్వు చెప్పు, ఎవరి మాట నిజం?"

"నేను కొట్టాను."

"మరి?"

"చెరిపేస్తున్నారు."

"ఎవరు?"

నేను ఖాళీ కుర్చీని గోడవైపు జరిపాను.

"ఆయనా? ఆయనేనా మావయ్యా? ఒక్కమాట. ఔనా, కాదా?"

కాదంటే నేను అబద్ధాలకోరునవుతాను. ఔనన్నాను.

చిట్టి నన్నలా చూస్తూ ఉండిపోయింది. చిన్నప్పుడు నేను అందించిన మాటలు వింటూ తెర పక్కన నా ఒళ్ళో నిద్రపోయేది. "నువ్వెప్పుడూ తప్పు మాట అందించలేదు మావయ్యా" అంది. వెళ్ళిపోయింది.

అన్నం తినబుద్ధి కాలేదు. నిజం చెప్పడం ఇంత కష్టమని తెలియదు.

మంగళవారం

పట్టుకోవాలనుకున్నాను. చిట్టికోసం. పట్టుకుంటే ఇంకెవరూ నన్నలా చూడరు.

ఆట ఆగినా ఆగకున్నా, డబ్బు కట్టేసిన దుస్తులు తేవడానికి అల్లుడు పొద్దున్నే పక్కూరు వెళ్ళాడు. అతని తాళం ఆఫీసమ్మకిచ్చి వెళ్ళాడు. నా కళ్ళముందే ఇచ్చాడు. అంటే రెండు తాళాలూ ఆమె దగ్గరే. పై గది మూసి ఉంది. ఆమె నా ఎదురుగా మేకప్ గదిలో విగ్గులు దువ్వుతూ కూర్చుంది. ఇప్పుడు కొడతాను. కొట్టగానే పైకెళ్ళి చూస్తాను. ఉంటే, రోజూ తరవాత వచ్చి చెరిపేది అతనే. ఇంక ఎవరేమన్నా అనలేరు.

కొట్టాను. సేవ్ చేశాను. మూసేటప్పుడు అడిగింది. వద్దన్నాను.

"అమ్మా, పైకి తీసుకెళ్ళు" అన్నాను.

"మీ మోకాళ్ళతోనా?"

ఎక్కాను. మెట్టు మెట్టుకీ ఆగాను. ఆమె వెనకనుంచి చెయ్యి అడ్డం పెట్టింది. పైన తాళం తీసి, కంప్యూటరు తెరిచి, ఫైలు తెరిచింది.

ఈ తలుపు మీకు గోడ.

మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. నేను ఆమె వైపు చూశాను. ఎలా చూశానో నాకే తెలిసింది.

"అయ్యో తాతగారూ! నన్ననుమానిస్తున్నారా?" అంది. "నా రెండు చేతులూ విగ్గులోనే ఉన్నాయి కదండీ. పదండి కిందికి. మీరు చేసినట్టే చేయండి. నేను పక్కన నిలబడి చూస్తాను."

దిగాను. ఎక్కడంకన్నా దిగడం కష్టం.

మళ్ళీ తెరిచాను. కొట్టాను. సేవ్ చేశాను. మూయబోయాను. పెట్టె వచ్చింది. వద్దు మీదికి బాణం తీసుకెళ్ళాను.

"ఆగండాగండి! అదేం అడుగుతోందో తెలుసా?"

"తెలీదు."

"మీరు దిద్దింది పైకి పంపమంటారా అని అడుగుతోంది. పైనున్న ఫైలు మీరు ఇక్కణ్ణుంచి తెరిస్తే, దాని నకలొకటి కిందికి తెచ్చి మీ ముందు పెడుతుంది. మీరు దిద్దేది నకలు. సేవ్ అయ్యేదీ నకలే. మూసేటప్పుడు అడుగుతుంది, పంపనా అని. పంపితేనే పైది మారుతుంది. లేకపోతే మర్నాడు మళ్ళీ పాతదే తెచ్చి పెడుతుంది. మీరు రోజూ ఏమంటున్నారు?"

"వద్దంటున్నాను."

"రోజూనా?"

"రోజూ."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. విగ్గు ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. "నేను చెప్పనే లేదు. నాకు తోచనే లేదు. నేను దాన్ని చదవను కూడా, ఔనని కొట్టేసి వెళ్ళిపోతాను" అంది.

మరి ఆ టీ కప్పు? ఆమెదేనట. మేకప్‌వాళ్ళు కుర్చీ దింపుకుంటారట.

"నొక్కండి" అంది.

ఔను నొక్కాను. పెట్టె పోయింది. ఏ చప్పుడూ కాలేదు.

మళ్ళీ మెట్లెక్కాను. తడిసిపోతారు, లోపలికి రండి. ఉంది.

మంగళవారమే, తరవాత

చిట్టితో ఔనన్నాను. రోజూ పెట్టెను వద్దన్నవాణ్ణి, కాదనాల్సినచోట మాత్రం ఔనన్నాను.

బుధవారం

పొద్దున హాల్లో అల్లుడు ఒక్కడే ఉన్నాడు. ఆఫీసమ్మ అచ్చు తీసిన కాగితం అతని చేతిలో ఉంది. నన్ను చూసి లేచాడు. నేను చెప్పాల్సింది దారంతా కట్టుకొచ్చాను. మొదటి ముక్క దగ్గరే పోయింది.

"ఇది ఎప్పటిది మావయ్యగారూ?" అన్నాడు.

"మొదటి రోజుదే. సోమవారం చెప్పాడు. మంగళవారం కొట్టాను. నేనే, ఆ పెట్టె, అది అడిగితే నేను…"

"ఆవిడ చెప్పింది."

"నువ్వే చెరుపుతున్నావని చిట్టితో అన్నాను."

"అదీ తెలుసు. చిట్టి రెండు రోజులుగా నాకు ఎదురుపడడం లేదు."

స్టేజీ మెట్టు మీద కూర్చున్నాడు. కాగితం మోకాలి మీద పెట్టి చేత్తో సాపు చేశాడు. ముడతేమీ లేదు.

"నా మీద మీకెందుకంత అనుమానం మావయ్యగారూ?"

అందించవద్దన్నావు కదా. ఆ మాట నోటిదాకా వచ్చింది. మనసులో పెట్టుకోలేదని ఈ పుస్తకంలో రాసుకున్నాను. పెట్టుకున్నాను.

"బావ దగ్గరకు వెళ్తున్నాను" అన్నాను. "నువ్వూ రావాలి."

"రమ్మనాల్సింది మీరు కాదు."

నిజమే. ఒక్కణ్ణే వెళ్ళాను.

బావ కళ్ళు మూసుకున్నాడు గానీ నిద్రపోవడం లేదు. అక్క మంచం పక్కన దుప్పటి మడత పెడుతోంది. నేను నిలబడే చెప్పాను. నేల చూసి చెప్పాను. పెట్టె సంగతి, నకలు సంగతి, వద్దన్న సంగతి. అల్లుడు ఏమీ చెరపలేదు బావా, నేనే, ఎవరూ కాదు, నేనే పంపలేదు అన్నాను. నా జీవితంలో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడినట్టు గుర్తులేదు.

అక్కే ముందు అంది.

"ఏది అడిగినా ఎందుకురా వద్దన్నావు, వెర్రివాడా?"

"నువ్వే అన్నావు కదక్కా."

"నేనెప్పుడన్నాను?"

"జుట్టు మందులప్పుడు."

అక్క దుప్పటి వదిలేసింది. "జుట్టు మందులకీ నాటకానికీ ఏమిట్రా సంబంధం! డెబ్భై ఏళ్ళుగా చెప్పింది ఒక్కటీ వినలేదు, ఇదొక్కటి వినాలా?"

బావ కళ్ళు తెరిచాడు. తిడతాడనుకున్నాను. "అతను చదివాడా?" అన్నాడు.

"చదివాడు."

"ఏమన్నాడు?"

"కాగితం సాపు చేశాడు."

బావ తల తిప్పుకున్నాడు. అక్క అక్కణ్ణుంచి కదిలి వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసింది. చిన్నగా మాట్లాడడం అక్కకు రాదు. "నేను రమ్మంటున్నానే. మీ ఆయన్ని కూడా. ఏం, ఇది నా ఇల్లు కాదా?" అని మాకు వినబడింది.

మధ్యాహ్నానికి వచ్చారు. చిట్టి లోపలికి వచ్చేసింది. నా వైపు చూడలేదు. అల్లుడు గుమ్మం బయట ఆగాడు. నిలబడే ఉన్నాడు. పిలిస్తేగానీ రాడు. అందరికీ తెలుస్తూనే ఉంది.

బావ మోచేతిమీద లేవబోయాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. పెదవులు కదిలాయి గానీ ఏమీ లేదు వాటిలో. ఆ మొహం నాకు తెలుసు. ఆ మొహాన్ని చూస్తూ తెర పక్కన బతికాను. మాట అక్కడే ఎక్కడో ఉంటుంది, చేతికి అందదు.

నేను మంచం తలాపున ఉన్నాను. ముందుకి వంగలేదు. పెదవి కదలకుండా, బావ ఒక్కడికే వినబడేంత చిన్నగా అందించాను.

"తడిసిపోతారు."

బావ అందుకున్నాడు. తను రాసిన మాటని తడుముకోకుండా, స్టేజీ మీద అన్నట్టే అన్నాడు.

"తడిసిపోతారు. లోపలికి రండి."

అక్క ఒకసారి బావని, ఒకసారి బయట వీధిని చూసింది. "ఎండ మండిపోతుంటే తడవడమేమిటి! ఈయనకు మతి పోయింది" అంది.

అల్లుడు నవ్వలేదు. గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. చిట్టి అప్పుడు నా వైపు చూసింది.

ఆదివారం

నాటకం సాయంత్రం. దర్జీకి కొత్త మాట వచ్చేసింది, ఆ మాట ముందు ఆగడమే ఇంకా రావడం లేదు. చప్పట్లకు అలవాటు పడ్డ మనిషి. తెర పక్కన నాకు కుర్చీ వేయించాడు అల్లుడు. "ఆగినచోట మాత్రం అందించకండి మావయ్యగారూ, ఆ ఆగడం మీ బావగారు రాసిందే" అన్నాడు.

పొద్దున పిలిచి, ఫైల్లో మొదటి పేజీలో పేర్ల కింద ఒక వరస చేర్చమన్నాడు. మాట అందించినవారు అని, నా పేరు. నన్నే కొట్టమన్నాడు. కొట్టాను. సేవ్ చేశాను.

మూసేటప్పుడు అడిగింది. ఔనన్నాను.

అయినా నమ్మకం చాలక మెట్లెక్కి చూశాను. ఉంది. కిందికి దిగాక కాసేపు కూర్చుని, మళ్ళీ ఎక్కి ఇంకోసారి చూసొచ్చాను.